సాంకేతిక సందేహాలు: రూటర్‌లో పాత లోపం

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. ఏడెనిమిదేళ్ల క్రితం మా వీధి కేబుల్ ఆపరేటరు బిగించి వెళ్లిన రూటరే ఇప్పటికీ వాడుతున్నాం. అందులోని పీపీపీడీ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన చోటును మించి సమాచారం పొర్లడం) లోపం ఉందనీ, పాస్‌వర్డ్ తెలియనివాళ్లు కూడా రూటర్‌ను వశం చేసుకోగలరనీ మా కంప్యూటర్లు చూసే కుర్రాడు అంటున్నాడు. వై-ఫై పాస్‌వర్డ్ మార్చాను, అది చాలదా? అందరూ చదవగల కోడ్‌లో ఇలాంటి తప్పు ఇన్నేళ్లు ఎలా దాగింది?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: కుర్రాడు చెప్పినది నిజమే. అయితే వై-ఫై పాస్‌వర్డ్‌కూ దీనికీ సంబంధం లేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లైను కలుపుకొనే పీపీపీఓఈ పద్ధతిలో, సర్వీసు ప్రొవైడర్‌తో ఆ మాటలు నడిపేది చాలా రూటర్లలో పీపీపీడీయే కనుక, లోపం ఉన్నది మీ ఆఫీసు గది వైపు కాదు, వీధి తీగ వైపు.

2020 ఫిబ్రవరిలో సరిదిద్దిన ఈ లోపానికి భద్రతా లోపాల ఉమ్మడి జాబితాలో సీవీఈ-2020-8597 అనే సంఖ్య ఇచ్చి, తీవ్రతను పదికి 9.8గా లెక్కగట్టారు. 2.4.2 నుంచి 2.4.8 వరకు అన్ని వెర్షన్లలోనూ, అంటే దాదాపు 17 ఏళ్లపాటు, అది ఉంది. ఈఏపీ అనే గుర్తింపు పద్ధతిలో అవతలి యంత్రం ఒక విలువను, దాని వెనుకే తన పేరును పంపుతుంది. ఆ పేరు కోసం ప్రోగ్రాము 256 బైట్ల చోటు కేటాయించింది. మిగిలిన ప్యాకెట్ పొడవులోంచి విలువ పొడవును తీసివేస్తే వచ్చేదే పేరు పొడవు. అది ఆ చోటులో పడుతుందా అని చూడాలి. కోడ్‌లో మాత్రం, ప్యాకెట్ పొడవుకు 256 కలిపితే వచ్చేంత విలువ పొడవు ఉందా అని చూశారు. విలువ పొడవు ప్యాకెట్ పొడవును మించరాదని కొన్ని వరుసల ముందే నిర్ధారించుకున్నారు గనుక, ఈ షరతు ఎన్నడూ నిజం కాదు. అందువల్ల వెయ్యి బైట్ల పేరు పంపినా అడ్డులేకుండా లోపలికి వచ్చి, స్టాక్‌లో (ప్రోగ్రాము తాత్కాలిక సమాచారం ఉంచుకునే మెమరీలో) పక్కనున్న సమాచారం మీదికి పొర్లుతుంది. ఫంక్షన్ ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా ఉండేదీ ఆ స్టాక్‌లోనే. పీపీపీడీ సాధారణంగా రూట్ అధికారంతో, అంటే యంత్రంపై పూర్తి అధికారంతో, నడుస్తుంది కాబట్టి, ఆ చిరునామాను తనకు కావలసినట్టు మార్చగలిగినవాడికి రూటర్ మొత్తం చేజిక్కుతుంది. పైగా మీ లైనుకు ఈఏపీ అవసరం లేకపోయినా, అడగకుండా వచ్చిన ఈఏపీ ప్యాకెట్‌ను సైతం పాత పీపీపీడీ విప్పి చూసేది. నా దృష్టిలో లెక్క తప్పడం కన్నా ఇదే పెద్ద తప్పు.

ఇన్నేళ్లు ఎలా దాగిందంటారా, పొడవును సరిచూసే షరతు అసలే లేకపోతే ఎవరో ఒకరి కంట పడేది. ఉండి, చూపుకు సరిగ్గానే అనిపించే షరతును కాగితం మీద మళ్లీ లెక్క వేసేవారు అరుదు. ఐఓయాక్టివ్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థకు చెందిన ఇల్యా వాన్ స్ప్రుండెల్ దాన్ని పట్టుకోగా, పీపీపీడీ నిర్వాహకుడు పాల్ మకెరాస్ సరిచేశారు. ఆ సవరణ రూటర్ కంపెనీల ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దాకా చేరడమన్నది వేరే కథ.

ఇక ప్రమాదం ఎటునుంచి? ప్రపంచంలో ఏ మూలనుంచో కాదు. దాడి చేసేవాడు మీ పీపీపీఓఈ లైనుకు అవతలి కొసన ఉండాలి. కాకపోతే లైను కలిపేటప్పుడు రూటర్ సర్వర్ కోసం బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది, అంటే అందరికీ వినబడేలా పిలుస్తుంది గనుక, అదే స్విచ్‌కు తగిలించి ఉన్న మరొకరు ప్రొవైడర్ వేషంలో బదులివ్వవచ్చు. ప్రొవైడర్ పోర్ట్ ఐసొలేషన్ (ఒకరి లైను మరొకరి లైనుతో నేరుగా మాట్లాడకుండా అడ్డుకోవడం) పెట్టి ఉంటే వారి ఆట సాగదు. మెట్ల కింది ఒకే స్విచ్ నుంచి గదిగదికీ తీగలు లాగిన భవనమైతే ఈ సంగతి ఆపరేటరును తప్పక అడగండి.

రూటర్ అడ్మిన్ పేజీలో సిస్టమ్ లాగ్ తెరిస్తే, లైను కలిసిన చోట ‘పీపీపీడీ 2.4.7 స్టార్టెడ్ బై రూట్’ వంటి వరుస కనిపించవచ్చు. 2.4.9 గానీ, ఆ పైది గానీ అయితే ఈ లోపం లేనట్టే. పాత సంఖ్యను అలాగే ఉంచి సవరణను మాత్రం చేర్చినవారూ ఉన్నారు కాబట్టి, 2.4.7 అని ఉన్నంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. ఫర్మ్‌వేర్ తేదీ కూడా చూడండి. అది 2020 ఫిబ్రవరికి ముందుదై, కంపెనీ కొత్తది ఇవ్వకపోతే, రూటర్ మార్చడమే మేలు. పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను ఆపరేటర్లు తరచుగా తామే ఎక్కించి వెళ్తారు గనుక, పాతది విప్పకముందే వాటిని అడిగి రాసుకోండి.