కాటుక మానేసినా తగ్గని రెప్పల దురద

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మూడు నెలలుగా రెండు కళ్ల పైరెప్పలు ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలుతున్నాయి. కాటుక మానేశాను. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోంది. నెలకోసారి తలకు రంగు వేసుకుంటాను. అది కారణమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది కనురెప్పల ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలే సమస్య) కావచ్చు, తలరంగును అనుమానించడం సబబే. రెప్పల చర్మం ఒంట్లోకెల్లా పలుచన, దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. అందుకే మాడు మీద ఏ మార్పూ కనిపించకపోయినా, తలస్నానంలో జారిన కాస్త రంగుకే రెప్పలు వాచిపోవచ్చు. ఇందులో తరచుగా దొరికే దోషి పారాఫినిలీన్ డయామిన్ అనే రసాయనం. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొట్లాలలోనూ ఇది ఉండవచ్చు కనుక, పెట్టె మీద ముద్రించిన ఆకుల బొమ్మను కాక వెనుక ఉన్న దినుసుల జాబితాను చూడండి. గోళ్లరంగు, సెంటు, షాంపూ, చివరకు కంట్లో వేసుకునే చుక్కల మందు కూడా కారణం కావచ్చు. గోళ్లరంగు వేసుకున్న వేళ్లకు ఏమీ కాకపోవచ్చు, ఆ వేళ్లు తగిలిన రెప్పకే దురద వస్తుంది.

వెంట్రుకల కుదుళ్లలో జిడ్డుగా పొట్టు కడుతుంటే చుండ్రుకు సంబంధించిన సమస్యను, చిన్నప్పటి నుంచి ఆస్తమా, చర్మపు దురద ఉంటే అటోపిక్ ఎగ్జిమాను (అలర్జీ తత్వం ఉన్నవారికి వచ్చే ఎగ్జిమా) డాక్టరు ఆలోచిస్తారు. అలర్జీ అని అనుమానిస్తే ప్యాచ్ టెస్ట్ చేయిస్తారు. సోమవారం వీపు మీద అనుమానిత పదార్థాల పట్టీలు అంటించి, బుధవారం తీసి, మళ్లీ ఒకటి రెండు రోజుల తర్వాత చర్మాన్ని పరిశీలిస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు, చెమటకు పట్టీలు ఊడకూడదు. ఖమ్మం ఎండల్లో అది కష్టం కనుక, వీలైతే చలికాలంలో చేయించుకోండి.

మీ క్రీము ట్యూబును మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి బలమైన స్టెరాయిడ్‌లను రెప్పలపై వారాల తరబడి రాస్తే చర్మం పలచబడడమే కాక, కంటి ఒత్తిడి పెరగడానికీ, శుక్లానికీ దారితీయవచ్చు. మూడు నెలలుగా వాడుతున్నట్లయితే కంటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. సాధారణంగా డాక్టర్లు తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులకే పరిమితం చేసి, అవసరమైతే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌కు మారుస్తారు. అది మొదటి కొద్ది రోజులు మండుతుంది. అలా మండినంత మాత్రాన మానేయవలసిన పని లేదు. ఈలోగా తలరంగు ఆపి, సువాసన లేని పెట్రోలియం జెల్లీని పలుచగా రాయండి, చల్లని తడిగుడ్డ వేసుకోండి.

చూపు మసకబారినా, కన్ను నొప్పి పెట్టినా, నీటి పొక్కులు లేచినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.