బండి మాన్పించక్కర్లేదు చెల్లీ, ముందు ఆ లోడు సంగతి అడుగు

కవిటి వైపు నుంచి రాసిన చెల్లీ, పేరు వెయ్యొద్దన్నావు కాబట్టి వెయ్యట్లేదు. చదివేవాళ్లకి అర్థమవ్వాలి కదా, నువ్వు రాసింది కాస్త చెప్తా. 2018 లో తిత్లీ తుపానుకి కొబ్బరితోట పడిపోయాక మీ ఆయన డ్రైవింగ్‌లోకి దిగాడు, బండి వేరేవాళ్లది, మొదట్లో కొబ్బరికాయలు, ధాన్యం, జీడిపిక్కలు తోలేవాడు, కిందటేడు నుంచి ఓనరు నారాయణవలస సంత నుంచి గొడ్ల లోడే ఎక్కువ వేస్తున్నాడు. అప్పట్నుంచి మనిషి మారిపోయాడు. రాత్రి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "పెట్టెయ్, తర్వాత మాట్లాడతా" అంటాడు. ఇంటికొస్తే పగలంతా పడక, పిల్లలు గట్టిగా నవ్వినా అరుపులు. చిన్నది ఓరోజు "నాన్న దగ్గర గొడ్ల కంపు" అందిట, అది విన్న దగ్గర్నుంచి దాన్ని దగ్గరికి పిలవడమే మానేశాడు. మీ అన్నయ్యేమో బండి మాన్పించి హైదరాబాద్ వచ్చెయ్యండి, వాచ్‌మెన్ పని చూస్తా అంటున్నాడు. నీకు ఎక్కడో ఇంకో మనిషి ఉందేమోనని అనుమానం. "నిలదీయమంతారా, నోరు మూసుకుని ఊరుకోమంతారా" అని అడిగావు.

రెండూ వద్దు.

ఇంకో మనిషి ఉందా లేదా అన్నది నేనిక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పేవాళ్లు ఎవరైనా వస్తే నమ్మకు కూడా. కానీ నువ్వు రాసినదాంట్లో దానికి ఆధారం ఒక్కటీ కనపడలేదు. డబ్బులు సరిగ్గానే ఇస్తున్నాడన్నావు. నువ్వు ఫోన్ చేసేది పిల్లలు పడుకున్నాక, పదీ పదకొండింటికి, అప్పుడతను హైవే మీద స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు, వెనకాల ప్రాణం ఉన్న లోడు, బ్రేకు గట్టిగా వేస్తే ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. ఆ టైంలో ఫోన్ ఎత్తని డ్రైవరే నయం కదమ్మా.

నన్ను ఆపేసింది ఇంకో మాట, నువ్వు ఒక్క లైన్లో రాసి వదిలేశావు. తెలియని నంబర్ నుంచి ఫోనొస్తే ఉలిక్కిపడతాడు, వీధిలో జీపు ఆగితే లేచి కిటికీ దగ్గరకెళ్తాడు అని. ఆడమనిషి గొడవైతే జీపు చప్పుడుకి ఎందుకు లేస్తాడు? ఇది కేసు భయం అనిపిస్తోంది నాకు.

ఎందుకంటే గొడ్ల లోడు కొబ్బరికాయల లోడు లాంటిది కాదు. మామూలు గూడ్స్ బండిలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదని 1978 నాటి కేంద్రం రూల్స్‌లోనే ఉంది, ప్రయాణానికి పనికొస్తాయని పశువుల డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. సంతలో ఇచ్చే రసీదు కొన్నట్టు చూపించడానికే, ఈ సర్టిఫికెట్ వేరు. పైగా మన రాష్ట్రంలో ఆవుల్ని, దూడల్ని కొయ్యడం 1977 చట్టం ప్రకారం నిషేధం, ఆ లోడు ఎక్కడికి పోతోందో డ్రైవర్‌కి చెప్పకపోయినా చెక్‌పోస్టులో ఆపినప్పుడు బండిలో దొరికేది డ్రైవరూ క్లీనరే, ఓనరు ఇంట్లో ఉంటాడు. "నేను చూసుకుంటాలే" అన్న ఓనరు మాట కేసు కాగితంలో ఎక్కడా ఉండదు. ఆ సంగతి ఇంట్లో చెప్తే నువ్వు కంగారు పడతావని మింగేసుకుని, పిల్లల మీద అరుస్తున్నాడేమో.

కాబట్టి అతను పడుకుని లేచి, స్నానం చేసి, అన్నం తిన్నాక, లోడు లేని రోజు చూసి అడుగు. ఎక్కడ తిరిగొచ్చావు అని కాదు. లోడుకి కాగితాలుంటున్నాయా, ఎన్ని ఎక్కిస్తున్నారు, పట్టుకుంటే ఎవరి పేరు రాస్తారు, ఇంతే. అడిగి ఊరుకో, సమాధానం ఆ పూటే రాకపోవచ్చు. ఇప్పటికే కేసు ఏదైనా అయ్యుంటే తెల్లకాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దని చెప్పు, శ్రీకాకుళం కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 కి ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెప్తారు.

కేసు లేకపోతే బండి మానక్కర్లేదు, లోడు మార్చుకోవాలి. కాగితాలు ఉండి, లెక్క ప్రకారం ఎక్కిస్తేనే తోలతా, లేదంటే కాయలో ధాన్యమో వెయ్యండి అని ఓనరుకి చెప్పాలి, ఒప్పుకోకపోతే ఓనర్ని మార్చాలి. పలాస జీడిపప్పు, మిల్లుల బియ్యం, ఎండాకాలం విజయనగరం మామిడి, డ్రైవింగ్ వచ్చినవాడికి లోడు దొరక్కపోదు. కానీ గొడ్ల లోడుకి వచ్చినంత బత్తా చేతికి రాదు, ఇక్కడే నీ పని ఉంది. ఆ తగ్గిన డబ్బుతో ఇల్లు నడుస్తుందా, చీటీ ఆపాలా, లెక్క నువ్వు ముందే వేసుకుని అతనికి చెప్పు. ఇంట్లో డబ్బు సరిపోదన్న భయంతోనే చాలామంది డ్రైవర్లు ఓనరుకి కాదనలేరు.

మీ అన్నయ్య మంచికే చెప్పాడు, కాదనను. కానీ కోపంలో ఊరొదిలి అపార్ట్‌మెంట్‌లో ఒక్క గదిలోకి పిల్లల్ని తీసుకెళ్తే స్కూలూ పోతుంది, అతని చేతిలో పనీ పోతుంది. అతనికే వెళ్లాలనుంటే అప్పుడు చూద్దురుగాని.

చిన్నదాని విషయం నాకు వీటన్నిటికన్నా పెద్దది. దాన్ని తిట్టకు, పిల్ల ముక్కుకి తెలిసింది చెప్పింది. (పెద్దవాళ్లే పాలూ మాంసం కావాలంటారు, ఆ పశువుని తోలినవాడు పక్కన నిలబడితే ముక్కు మూసుకుంటారు.) బండి బట్టలు ఇంట్లోకి తేకుండా దొడ్లోనే బకెట్లో నానబెట్టెయ్, స్నానానికి నీళ్లు పెట్టి టవల్ దానిచేతే ఇప్పించు. స్కూల్ నుంచి వచ్చాక సాయంత్రం, అతను లోడుకి బయల్దేరకముందు, ఫోన్‌లో దానితోనే మాట్లాడమను, నువ్వు మధ్యలో దూరకు. రాత్రి ఫోన్లు ఆపెయ్, బండి ఆపినప్పుడు అతనే చేస్తాడు.

ఇంకోటి, నడుంనొప్పికి బిళ్లలు మింగుతూ తోలుతున్నాడన్నావు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, నేను చెప్పాలా? ఆ నొప్పి బిళ్లలు కిడ్నీకి మంచివి కావు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, క్రియాటినిన్ టెస్ట్ చేయించు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా ఉందో లేదో కూడా చూడు, డ్రైవర్ ఇంట్లో అది లేకపోవడమేంటి.

చెయ్యి చేసుకోడని రాశావు కాబట్టి ఇంత నిదానంగా చెప్పా. అలాంటిది జరిగితే మాత్రం ఆలోచించకుండా మహిళా హెల్ప్‌లైన్ 181 కి ఫోన్ చెయ్యి. అతనేం చెప్పాడో మళ్లీ రాయి, నోటీసో ఎఫ్‌ఐఆర్ కాపీయో బయటపడితే అందులో ఏ సెక్షన్లు వేశారో చూసి అవీ రాయి.