రిజిస్టరుకు హాజరేమిటి?

సందేహం: మా వారి ఆఫీసుకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ‘సదరు రిజిస్టరు హాజరుపరచవలెను’ అని ఉంది. హాజరు మనుషులకు కదా, రిజిస్టరుకు హాజరేమిటి? ఇంట్లో అందరూ ‘సాక్షి చెప్పడానికి పిలిచారు’ అని టెన్షన్ పడుతున్నారు. ‘సాక్షి చెప్పడం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీవాళ్ల టెన్షన్‌కు జవాబు మీరు రాసిన వాక్యంలోనే ఉంది. మనిషిని రమ్మంటే ‘హాజరు కావలెను’ అంటారు. కాగితం తెమ్మంటే ‘హాజరుపరచవలెను’ అంటారు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ‘హాజరు’కు ఎదుట ఉండడమని అర్థం. బడి హాజరుపట్టీలతో పెరిగాం కాబట్టి అది మనుషులకే అనిపిస్తుంది గానీ, కోర్టు ఎదుట పెట్టే రిజిస్టరుకూ చెల్లుతుంది. ‘నిందితుణ్ణి కోర్టులో హాజరుపరిచారు’ అని రోజూ పేపర్లో చదువుతాం కదా. అక్కడ తెచ్చేది పోలీసులు, ఇక్కడ తేవలసింది మీ వారు.

చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 16వ ఆర్డర్ 6వ రూల్ ప్రకారం, దస్తావేజు తెమ్మని మాత్రమే సమన్లు వస్తే ఇంకొకరి చేత పంపినా సరిపోతుంది. తెచ్చి ఇచ్చినంత మాత్రాన ఆ మనిషి సాక్షి అయిపోడు. విడిగా సాక్షిగా పిలిస్తే తప్ప క్రాస్ ఎగ్జామినేషన్ చేయడానికి వీల్లేదని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 144వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ కాగితంలో ‘సాక్ష్యమిచ్చుటకు’ అన్న మాట కూడా ఉందేమో మరోసారి చదవండి. ఉంటే మీ వారు స్వయంగా వెళ్లాలి. సివిల్ కేసులో సమన్లను పట్టించుకోకపోతే వారెంటు రావచ్చు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఇక ‘సాక్షి చెప్పడం’. సాక్షి అంటే స్వయంగా చూసినవాడు. ఈ అర్థానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఆ సాక్షి చెప్పేది సాక్ష్యం. నోటిమాటగా ‘సాక్షి చెప్పాడు’ అంటే నేను తప్పు పట్టను, జనం అలాగే అంటారు, అర్థమూ చెడదు. రాసేటప్పుడు మాత్రం ‘సాక్ష్యం చెప్పాడు’ అనే రాయండి. ‘సాక్షిని మాయం చేశారు’, ‘సాక్ష్యాన్ని మాయం చేశారు’ అని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది రాస్తే పోలీసులు మనిషి కోసం వెతకాలి.