యూకే బృందం అంత త్వరగా ఎందుకు విడిపోయింది?

నలుగురూ ఉద్దండులే అయినా బ్రిటిష్ రాక్ బృందం యూకే మూడేళ్లయినా ఎందుకు నిలవలేదు, దాన్ని వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు.

నేను ఈ బృందాన్ని మొదట విన్నది హాస్టల్లో ఒక మిత్రుడు ఇచ్చిన, అట్టపై పేరైనా లేని క్యాసెట్‌లో. అప్పటికి కొన్నేళ్లు మృదంగం నేర్చుకుని ఉన్నాను కనుక మొదటి పాట 'ఇన్ ద డెడ్ ఆఫ్ నైట్' మొదలుకాగానే తొడ మీద తాళం వేయబోయాను. లెక్క నాలుగుకు కాక ఏడుకు తిరిగి వస్తోంది. మిశ్రచాపు అలవాటున్నవాడికి ఏడు వింత కాదు గానీ, రాక్ దరువులో దాన్ని అంత బరువుగా వినడం నాకు అదే తొలిసారి.

కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందం 1974లో ఆగిపోయాక అందులో పాడుతూ బేస్ గిటారు వాయించిన జాన్ వెట్టన్, డ్రమ్మర్ బిల్ బ్రుఫర్డ్ 1977లో ఈ బృందాన్ని మొదలుపెట్టారు. వెట్టన్ తన తరఫున కీబోర్డులు, వయొలిన్ వాయించే ఎడీ జాబ్సన్‌ను తెచ్చుకోగా, బ్రుఫర్డ్ గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్‌ను తెచ్చుకున్నారు. చీలిక ఆ ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం. వెట్టన్, జాబ్సన్‌లకు పాట రికార్డులో ఉన్నట్టే వేదిక మీదా రావాలి. హోల్డ్స్‌వర్త్‌కు మాత్రం నిన్న వాయించిన సోలోను ఈ రోజు మళ్లీ అలాగే వాయించడం ససేమిరా నచ్చదు. (తనకు నిజానికి శాక్సఫోన్ మీద మక్కువ అని ఆయనే చెప్పుకున్నారు, తీగ మీటిన చప్పుడే తెలియకుండా జారే ఆ స్వరాలు వింటే నమ్మబుద్ధి అవుతుంది.) 1978లో తొలి ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడాదే అమెరికా పర్యటన తర్వాత హోల్డ్స్‌వర్త్, బ్రుఫర్డ్ బృందానికి దూరమయ్యారు.

మిగిలిన ఇద్దరూ టెరీ బోజియోను డ్రమ్స్‌కు తీసుకుని, గిటారు లేకుండానే 1979లో 'డేంజర్ మనీ' చేశారు. అది చెడ్డ ఆల్బమేమీ కాదు, కానీ నేను తరచుగా వినేది కాదు. ఈసారి పేచీ ఆ ఇద్దరి మధ్యే వచ్చింది: జాబ్సన్‌కు పొడవైన వాద్య రచనలు కావాలి, వెట్టన్‌కు చిన్న పాటలు కావాలి. 1980లో బృందం ముగిసింది. వెట్టన్ కోరుకున్న చిన్న పాటలు 1982లో ఏషియా బృందంతో అమెరికా ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరాయి.

మీరు తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టి, వెంటనే జపాన్ కచేరీల్లో రికార్డు చేసిన 'నైట్ ఆఫ్టర్ నైట్' వినండి. అదే ఏడు మాత్రల పాట అందులో గిటారు లేకుండా ఉంటుంది.