చెవులు జాగ్రత్త, అమ్మడూ

అమ్మడూ,

శనివారం రాత్రి బ్లూస్, రాక్ కచేరీకి వెళ్తున్నానని, మొదటిసారి గనక ఏమేం చూసుకోవాలో చెప్పమని రాశావు. ఏ బట్టలు వేసుకోవాలని కూడా అడిగావు. బట్టల సంగతి నన్నడిగి లాభం లేదు. చెప్పులు మాత్రం వద్దు, బూట్లు వేసుకో. గంటల తరబడి నిలబడాలి, చీకట్లో ఎవరో ఒకరు కాలు తొక్కక మానరు.

అసలు సంగతి చెవులు. నీ వయసులో నేను మొదటిసారి వెళ్లినప్పుడు, గిటారు వాయించేవాడి వేళ్లు కనబడాలని జనాన్ని తోసుకుంటూ పోయి స్పీకర్ల పక్కన నిలబడ్డాను. నా తలకంటే ఎత్తుగా పేర్చిన పెట్టెలు. బేస్ మోగినప్పుడల్లా చొక్కా గుండీలు అదిరేవి. మహా సరదాగా ఉంది. ఇంటికొచ్చి పడుకున్నాక మొదలైంది, ఎడమ చెవిలో కీచుమని మోత. మూడో రోజుకి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇల్లు సద్దుమణిగాక ఇప్పటికీ వినబడుతుంది. మీ అత్తయ్య ఎడమవైపు నుంచి పిలిస్తే నేను పలకనిది పొగరుతో కాదు.

లెక్క చెబుతా విను. మోతని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకు మించి ఉండొద్దని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పెట్టిన హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతూ పోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో 100 దాటడం మామూలే.

కాబట్టి ఇయర్ ప్లగ్‌లు పట్టుకెళ్లు. స్పాంజివైతే తీగ మోత మందగించి, దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. సంగీతం కోసమని ఫిల్టరు పెట్టి చేసేవి ఉంటాయి, అవి అన్ని స్వరాల్నీ దాదాపు సమంగా తగ్గిస్తాయి. స్పాంజివే దొరికితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలు అడ్డం పెట్టు. పైపైన గుచ్చుకుంటే పెట్టుకోనట్టే.

ఎక్కడ నిలబడాలంటావా? హాలు మధ్యలో సౌండ్ ఇంజనీరు మిక్సర్ ముందు కూర్చుని ఉంటాడు. ఆ దరిదాపుల్లో ఉండు. తన చెవికి ఇంపుగా ఉండేలాగే కదా అతను సర్దుతాడు!

ఇక పాట. బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ల పాట. అందులో ఎక్కువగా వినబడేది పన్నెండు బార్ల చట్రం. బార్ అంటే నాలుగు దెబ్బల తాళం ముక్క. నాలుగేసి బార్ల చొప్పున మూడు వరుసలు. మొదటి వరుసలో ఓ మాట అంటాడు, రెండోదాంట్లో అదే మళ్లీ అంటాడు, మూడోదాంట్లో దానికి ముక్తాయింపు. ప్రతి వరుసలోనూ గొంతు సగంలోనే ఆగిపోతుంది. మిగతా సగం గిటారుదో మౌతార్గాన్‌దో. మొదటిసారి నేను ఆ ఖాళీని పట్టించుకోకుండా, గాయకుడు మళ్లీ ఎప్పుడు అందుకుంటాడా అని చూస్తూ కూర్చున్నా. వినాల్సింది అక్కడే. బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పాడేటప్పుడు గిటారు ఆపేసేవాడు, గొంతు ఆగగానే గిటారు అందుకునేది. ఒక్క స్వరం పట్టుకుని తీగని పక్కకి లాగి వణికించేవాడు. మన గమకం తెలిసిన చెవికి అది వెంటనే పట్టుబడుతుంది.

ఈ మోత ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. మిసిసిపీ పత్తి పొలాల్లో పనిచేసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరాడు. అక్కడి మందు బార్ల గోలలో మామూలు గిటారు ఎవరికి వినబడుతుంది? కరెంటు గిటారు పట్టాడు. గిటారు శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె, యాంప్‌ని, దాని శక్తికి మించి పెంచితే శబ్దం చిరిగి గరగరలాడుతుంది, రాక్ వాళ్లు ఆ గరగరనే సొంతం చేసుకున్నారు. 1962లో మొదలైన ఇంగ్లండ్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ తమ పేరు పెట్టుకున్నది మడ్డీ వాటర్స్ 1950 నాటి పాట నుంచే. అందుకే ఆ రాత్రి రాక్ పాట వస్తున్నా, కింద ఆ పన్నెండు బార్లు ఉన్నాయేమో లెక్కపెట్టి చూడు.

చప్పట్లు ప్రతి బార్‌లోనూ రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద. ఒకటీ మూడూ మీద కొడితే పక్కవాళ్లు తిరిగి చూస్తారు, నాకు అనుభవమే. ఫోన్‌తో ఓ ఫొటో తీసుకుని జేబులో పడేయ్. ఆ మోతకి దాని మైకు తట్టుకోలేదు, రికార్డు చేస్తే మిగిలేది బరబరే. ముందు వాయించే చిన్న బ్యాండుని మాత్రం వదులుకోకు, పెందలాడే వెళ్లు.

ఆఖరి పాట అని చెప్పి వాళ్లు లోపలికెళ్లిపోయినా కదలకు. హాల్లో లైట్లు వెలగలేదంటే మళ్లీ వస్తారన్నమాటే. ఇంటికెలా రావాలో ముందే మాట్లాడి పెట్టుకో.

చేరగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. కుడి చెవి దగ్గరే పెట్టుకుని పడుకుంటాలే.

మీ మావయ్య