వరద పనికి దిగబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో బుడమేరు వాగు పక్కనున్న పేటల కోసం మీ కబడ్డీ జట్టంతా వానలకు ముందే సహాయ బృందంగా ఏర్పడుతోందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే మనసు పొంగిపోయింది కానీ, ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

మంచినీళ్ళు, పాలపొడి, కొవ్వొత్తులు, తాళ్ళు సిద్ధం చేసుకోవాలనీ, నీటిలో ఉన్న కరెంటు స్తంభం దరిదాపులకు పోకూడదనీ నీకు చెప్పనక్కరలేదు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్ళింపు కాలువ నీరు నదిలో కలవలేక వెనక్కు తంతుంది కనుక, వానతోపాటు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం అంకెను కూడా గమనిస్తూ ఉండు.

ఇక నా తప్పు విను. 2024 ఆగస్టు 31 నాటి వానకు బుడమేరు పొంగి, గండ్లు పడి, మరునాడు ఆదివారం సింగ్‌నగర్ మునిగింది. బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను ఆట నేర్పే పటమట కబడ్డీ కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, ఫ్లైఓవర్ దగ్గర నిలబడి పులిహోర పొట్లాలు పంచాను. ఒడ్డున ఉన్నవారికే అవి రెండుసార్లు, మూడుసార్లు అందాయి. మా జట్టులో నలుగురు ఆ లోపలి వీధుల పిల్లలే. పిలిస్తే పలకరు, ఫోను ఎత్తరు, ఆటకు తప్ప పనికి రారని వాళ్ళను అందరి ముందూ తిట్టాను. మూడోనాడు ట్రాక్టరు మీద లోపలికి వెళ్ళగలిగితే, మా రైడరు ఒక డాబా మీద ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య కనిపించాడు. నన్ను చూడగానే ఏ ఇంట్లో నిండు చూలాలు ఉందో, ఎవరికి ఇన్సులిన్ అయిపోయిందో, మంచం దిగలేని ముసలివారు ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ నలుగురి చిరునామాలూ హాజరు పట్టీలో, నా సంచిలోనే ఉన్నాయి. సాధనకు పది నిమిషాలు ఆలస్యమైతే ఎందుకు రాలేదని నిలదీసేవాణ్ణి, ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా ఆ పట్టీ తెరవలేదు.

అందుచేత మీ ఆటగాళ్ళలో ఆ పేటలవారు ఎవరెవరో ముందు తేల్చుకో. ఒక్కొక్కరు తమ వీధిలో ఇరవై ఇళ్ళ సంగతి, ఎక్కడానికి వీలైన డాబాల సంగతి కాగితం మీద రాసి ఉంచాలి, ఫోన్లు ఆరిపోతాయి. నీళ్ళు వచ్చిన రోజున వాళ్ళు సహాయకులు కారు, బాధితులు; మొదటి పడవ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, దారి చెప్పేదీ వాళ్ళే. పొట్లం అందుకుంటున్న మనిషిని ఫోటో తీయవద్దు. జెర్సీ మీద దాత పేరు అచ్చు వేయించే ఆలోచన ఉందని విన్నాను, మానుకో.

చివరిగా, కబడ్డీలో చేతులు కలిపి పట్టే గొలుసు పట్టు వచ్చినంత మాత్రాన ప్రవాహంలో నిలబడగలనని అనుకోవద్దురా. ఎనిమిదేళ్ళప్పుడు ఏలూరు కాలువలో జారిపడితే నిన్ను జుట్టు పట్టి లాగింది నేనే. ఆనాటి నుంచి నువ్వు నీళ్ళకు దూరంగానే ఉన్నావు. నీకు ఈత రాదని మీ జట్టుకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. ఈ వేసవిలోనే నేర్చుకుని, నేర్చుకున్నానని నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
నీ మామయ్య