జీడిపప్పు పడనివారు సుమాక్ తినొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎనిమిదేళ్లుగా షుగరు, నాలుగేళ్లుగా బీపీ. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టన్ వాడుతున్నాను. మా కోడలు ఫ్రేజర్ టౌన్ నుంచి సుమాక్ అనే ఎర్రటి పుల్లటి పొడి తెచ్చింది. రోజూ పరగడుపున ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగితే షుగరు మందులు మానెయ్యొచ్చని ఫోన్లో ఒక వీడియోలో చూశాను. నిజమేనా? జీడిపప్పు తింటే మాత్రం నాకు నోరు, పెదాలు దురద పెడతాయి. – ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతితోనే మొదలుపెడతాను. సుమాక్ అంటే ఒక చెట్టు ఎర్రటి పండ్ల పొడి, దానిదీ జీడిమామిడి కుటుంబమే. మామిడి, పిస్తా, నల్లజీడి కూడా ఆ కుటుంబంలోవే. మామిడి సొన తగిలి మూతి పొక్కడం మనకు తెలిసిందే కానీ అది చర్మానికి వచ్చే బాధ. జీడిపప్పు తిన్న వెంటనే పెదాలు దురద పెట్టడం దానికంటే వేరు, అది పప్పులోని ప్రొటీన్లు పడకపోవడం కావచ్చు. అలాంటివారిలో కొందరికి పిస్తా, సుమాక్ కూడా పడవు. కాబట్టి అలర్జీ పరీక్ష అయ్యేదాకా మీరు ఆ పొడిని రుచి కూడా చూడకండి. ఇప్పటికే తిని ఉండి పెదాలు వాచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయించండి.

ఇక షుగరు సంగతి. ఇరాన్‌లో షుగరు రోగులకు సుమాక్ పొడి రోజుకు 3 గ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చి చూశారు. కొంత తగ్గుదల కనిపించింది. అయితే అవి కొద్దిమందితో చేసిన చిన్న అధ్యయనాలు. మందులు మానెయ్యొచ్చని వాటి ఆధారంగా ఎవరూ చెప్పలేరు. మీరు మాత్రలు ఆపితే వారం పది రోజులు ఏమీ తెలియకపోవచ్చు, మూడు నెలల సగటు పరీక్షలో మాత్రం బయటపడుతుంది. మాత్రలు వేసుకుంటూనే పరగడుపున పొడి తాగి టిఫిన్ ఆలస్యం చేస్తే ఇంకో చిక్కు: గ్లిమిపిరైడ్ వల్ల షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు.

వీడియోల్లో చెప్పనిది ఉప్పు. నిల్వ కోసం చాలా కంపెనీలు సుమాక్‌లో ఉప్పు కలుపుతాయి. డబ్బా వెనక సోడియం ఎంతో చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే సుమారు ఒక గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాల్సిన బీపీ మనిషి పొద్దున్నే నీళ్లలో ఉప్పు కలుపుకుని తాగడం ఏం వైద్యం?

యునానీలో దీన్ని సుమ్మాఖ్ అంటారు. నీళ్ల విరేచనాలకు, చిగుళ్ల నుంచి రక్తం కారడానికి వాడేవారు. అందుకు కారణం ఇందులో మెండుగా ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు. మన ఇళ్లలో దానిమ్మ తొక్క కషాయం పని చేసేదీ వాటివల్లే. సుమాక్ ఆకులతోనే తోళ్లు పదును చేసేవారు. అదే గుణం ఎక్కువైతే మలబద్ధకం చేస్తుంది, ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. మీ కోడలు ఐరన్ మాత్రలు వాడుతుంటే సుమాక్ వేసిన భోజనానికి రెండు గంటల ఎడం పెట్టమనండి.

ఏ అలర్జీ లేని మీ ఇంట్లోవాళ్లు దీన్ని వంటలో నిశ్చింతగా వాడుకోవచ్చు. నిమ్మకాయ, ఆమ్‌చూర్ లాగే ఇదీ ఒక పులుపు, అంతే. పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగి, అర చెంచా సుమాక్, కాస్త కొత్తిమీర కలిపి పది నిమిషాలు ఉంచితే కబాబులకే కాదు, పెసరట్టుకూ బాగుంటుంది. పెరుగు పచ్చడి మీద చివర్లో చిటికెడు చల్లుకోవచ్చు. చింతపండులా పప్పులో వేసి మరిగిస్తే మాత్రం వగరు దిగుతుంది. ఇనప మూకుడులో వేస్తే టానిన్లు ఇనుముతో కలిసి కూర నల్లబడుతుంది. గింజలుగా దొరికితే చల్లని నీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి ఆ పులుసు వాడుకోండి.

రంగు మీద అనుమానం ఉంటే చిటికెడు పొడి నీళ్లలో వేసి, కాస్త వంట సోడా కలిపి చూడండి. అసలు సుమాక్ ఎరుపు మారి నీలి, ఆకుపచ్చ ఛాయలకు తిరుగుతుంది. ఎరుపు అలాగే నిలిస్తే కృత్రిమ రంగు కలిపారేమోనని అనుమానించాలి.

మీరు అలర్జీ నిపుణుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ డబ్బా కూడా తీసుకెళ్లండి, దానితోనే చర్మం మీద పరీక్ష చేయడానికి వీలవుతుంది. సెటిరిజిన్ లాంటి దురద మాత్రలు వాడుతుంటే డాక్టరును అడిగి వారం ముందే ఆపాలి. లేకపోతే అలర్జీ ఉన్నా పరీక్షలో లేనట్టే కనిపిస్తుంది. షుగరు, బీపీ మాత్రలు ఆపక్కర్లేదు, పరీక్ష రోజున కూడా వేసుకునే వెళ్లండి.